ఇసుక దారా, మంచు దారా? వెనక సీటును అడిగి తేల్చుకోండి

శ్రీకాకుళం నుంచి మా బావ ఫోను చేశారు. "ఎడారీ కొండలూ రెండూ ఒకే ప్రయాణంలో చూడాలి, కారులోనే తిరగాలి. రాజస్థాన్‌కా, లద్దాఖ్‌కా? నువ్వు అవన్నీ తిరిగావు కదా, ఒక్క మాటలో చెప్పు" అన్నారు.

"వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు బావా?" అని అడిగాను.

"అదేం ప్రశ్న? అమ్మ, పిల్లలు" అన్నారు విసుగ్గా.

అమ్మ అంటే మాకు అత్తయ్యగారు. 72 ఏళ్లు. బీపీ మాత్ర పడనిదే ఆవిడకు తెల్లవారదు. పిల్లల్లో పెద్దదానికి పన్నెండు, చిన్నవాడికి ఆరు. ఆ చిన్నవాడు శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కేలోపు కనీసం ఒకసారి కారు ఆపిస్తాడు. "అయితే సగం జవాబు వచ్చేసినట్టే" అన్నాను. మిగతా సగం చెప్పడానికి గంట పట్టింది. ఇదే ప్రశ్న విజయనగరంలో మా వీధివాళ్లు మరో ఇద్దరు అడిగారు కాబట్టి ఇప్పుడు రాసి పెడుతున్నాను.

నేను మూడు దారులూ వేర్వేరు ఏళ్లలో తిరిగాను. థార్ ఎడారి, ఆరావళి కొండలు మా అమ్మతో, భార్యాపిల్లలతో చూశాను. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు అమ్మను తీసుకెళ్లలేదు, మేం నలుగురమే వెళ్లాం. లద్దాఖ్‌కు ఇద్దరు స్నేహితులతో వెళ్లాను. ఎవరిని ఎక్కడికి తీసుకెళ్లానో చూస్తేనే నా మొగ్గు ఎటో తెలిసిపోతుంది. గుజరాత్‌లోని కచ్ గురించి కూడా అడుగుతారు. ఉప్పు మైదానం చూడాలంటే దానికి సాటి లేదు కానీ, అక్కడి కొండలను కొండలంటే పార్వతీపురం వాళ్లు నవ్వుతారు. అందుకని దాన్ని ఈ పోటీలోంచి తప్పిస్తున్నాను.

సొంత కారు మోజు

ముందు దీన్ని వదిలించుకోవాలి. విజయనగరం నుంచి సాలూరు, సుంకి ఘాట్, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్ చేరి, అక్కడి నుంచి నాగ్‌పూర్, భోపాల్, కోటా దాటి జోధ్‌పూర్ వెళ్లాలంటే 1,800 కిలోమీటర్ల పైమాటే. పిల్లలతో, పెద్దవాళ్లతో రోజుకు 450 కిలోమీటర్లు దాటించడం హింస. అంటే వెళ్లడానికి నాలుగు రోజులు, రావడానికి నాలుగు రోజులు. పన్నెండు రోజుల సెలవు పెట్టినవాడికి ఎడారిలో మిగిలేవి నాలుగు రోజులు. మనాలీకో శ్రీనగర్‌కో అయితే లెక్క ఇంకా పెరుగుతుంది. బండి నడపగలిగినవాళ్లు ఇద్దరుండి, మూడు వారాల సెలవు ఉంటే అది వేరే కథ. లేకపోతే రైల్లో వెళ్లి అక్కడ కారు తీసుకోవడమే తెలివి.

సమతా ఎక్స్‌ప్రెస్ విజయనగరం మీదుగానే ఢిల్లీ వెళ్తుంది. శ్రీకాకుళం వాళ్లు ఇక్కడికి వచ్చి ఎక్కాలి, ఎందుకంటే విశాఖ నుంచి వచ్చి ఇక్కడే అది రాయగడ వైపు తిరిగిపోతుంది. జోధ్‌పూర్ పక్కనే ఉన్న భగత్ కీ కోఠీ స్టేషన్‌కు విశాఖ నుంచి వారానికొక రైలు ఉంది. తేదీలు దానికి సరిపెట్టుకోగలిగితే ఢిల్లీలో మారే బాధ తప్పుతుంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. పెద్దవాళ్లకు కింది బెర్తు కావాలంటే తెరిచిన రోజు ఉదయమే కూర్చోవాలి.

పంచాంగం కాదు, బడి సెలవులు చూడండి

మన పిల్లలకు పెద్ద సెలవులు మూడు: దసరా, సంక్రాంతి, వేసవి. ఏ దారి ఏ సెలవుకు సరిపోతుందో చూస్తే సగం వడపోత అక్కడే అయిపోతుంది.

వేసవిలో రాజస్థాన్ పేరెత్తకండి. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. జోధ్‌పూర్, జైసల్మేర్‌ల మధ్య దారిలో తగిలే ఊరే అది. ఎండాకాలం సెలవులు లద్దాఖ్‌కు, స్పితికి పనికొస్తాయి, ఒక మెలికతో. మనాలీ నుంచి లేహ్ వెళ్లే రోడ్డు మంచు తొలగించి తెరిచే తేదీ ఏటా మారుతుంది, ఒక్కోసారి మే నెల చాలావరకు గడిచిపోతుంది. మన బళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు. కాబట్టి మే నెలలో వెళ్లేవాళ్లు శ్రీనగర్ వైపు నుంచి లేహ్‌కు గానీ, సిమ్లా వైపు నుంచి స్పితికి గానీ వెళ్లాలి. జులై, ఆగస్టుల్లో సిమ్లా నుంచి స్పితి వెళ్లే దారిలోని కిన్నౌర్‌లోనూ మనాలీ దారిలోనూ వానలకు కొండచరియలు విరిగిపడతాయి. లద్దాఖ్‌లో వాన తక్కువే, అక్కడికి చేరే దారే ఇబ్బంది.

సంక్రాంతికి రాజస్థాన్ అద్భుతంగా ఉంటుంది. పగలు ఎండ హాయిగా, రాత్రి చలి కొరికేటట్టు ఉంటుంది. కానీ భోగి మంట దగ్గర లేకుండా జైసల్మేర్‌లో ఉండటానికి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒప్పుకోవాలి కదా. ఒప్పుకున్న ఇల్లు నేనింతవరకు చూడలేదు.

దసరాది మరో తకరారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. అది చూసుకుని బయలుదేరదామంటే బళ్లు తెరిచేస్తారు. అది వదులుకుని వెళ్లినా, దసరా అక్టోబరు మొదట్లో పడితే జైసల్మేర్‌లో పగటి ఎండ ఇంకా చుర్రుమంటుంది. స్పితిలో అయితే అప్పుడు ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది కానీ, కుంజుమ్ కనుమ మీద ఎప్పుడు మంచు పడుతుందో చెప్పలేం.

నేను చేసింది చెబుతాను, బడి పంతుళ్లు క్షమించాలి. నవంబరు నెలాఖరున పిల్లలకు వారం రోజులు బడి మాన్పించి రాజస్థాన్ తీసుకెళ్లాను. క్రిస్మస్ వారం రద్దీ లేదు, గదుల ధరలు ఇంకా కొండెక్కలేదు.

థార్, ఆరావళి: పెద్దవాళ్లున్న కారుకు

జోధ్‌పూర్‌లో కారు తీసుకుని, 280 కిలోమీటర్ల దూరంలో ఉన్న జైసల్మేర్ వెళ్లి, అక్కడి నుంచి బార్మేర్ మీదుగా దక్షిణంగా దిగి మౌంట్ ఆబూ ఎక్కి, ఉదయ్‌పూర్ చూసుకుని, రాణక్‌పూర్ మీదుగా మళ్లీ జోధ్‌పూర్ చేరడం మా చక్రం. మొత్తం 1,200 కిలోమీటర్ల చిల్లర. రోడ్లు చాలావరకు తిన్నగా, బల్లపరుపుగా ఉంటాయి. మా అమ్మ జైసల్మేర్ దాకా నిద్రపోయింది. నేను పెద్దవాళ్లున్న కుటుంబాలకు ఈ దారి చెప్పడానికి అదే మొదటి కారణం. ఇక్కడ ప్రయాణమే అలసట కాదు.

రెండో కారణం, ఏ రోజు ఒంట్లో బాగోకపోయినా ఆ రోజు ఆగిపోవచ్చు. ప్రతి వంద కిలోమీటర్లకూ ఓ ఊరు, ఓ ఆసుపత్రి, మందుల దుకాణం తగులుతాయి. మిగతా రెండు దారుల్లో ఈ సదుపాయం లేదు.

జైసల్మేర్ కోట 1156లో కట్టిందే అయినా ఇప్పటికీ లోపల జనం కాపురాలుంటున్నారు. బట్టలు ఆరేసుకుంటారు, పాల ప్యాకెట్లు తెచ్చుకుంటారు, మనలాంటివాళ్లు అడ్డం నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే పక్కకు తప్పుకోమంటారు. ఊరికి సుమారు 40 కిలోమీటర్ల పడమర సమ్ ఇసుక తిన్నెలు. అందరూ వెళ్లేది అక్కడికే. డప్పులు, జీపులు, గుడారాల్లో పాటలు. సందడి కావలసినవాళ్లకు అది. నిశ్శబ్దం కావాలంటే నైరుతి దిక్కున ఉన్న ఖుడీ పల్లెకు వెళ్లండి. పిల్లలకు ఇసుక రెండు చోట్లా ఒకటే, పెద్దవాళ్లకు నిద్ర మాత్రం ఖుడీలోనే పడుతుంది. పిట్టల మీద సరదా ఉన్నవాళ్లకు మరో మాట: మన నంద్యాల వైపు రోళ్లపాడులో ఒకప్పుడు బాగా కనిపించిన బట్టమేక పిట్టకు ఇప్పుడు దేశంలో ప్రధాన ఆశ్రయం ఈ జైసల్మేర్ ఎడారే. మాకు కనబడలేదు. ఎదురుచూసిన రెండు గంటలూ వృథా అనిపించలేదు.

ఖుడీ దారిలో నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి, ఎందుకంటే మీరూ చేస్తారు. సాయంత్రం వెలుగు బాగుందని ఫొటో కోసం కారును తారు రోడ్డు మీంచి పక్కకు దించాను. పైన గట్టిగా కనిపించిన నేల లోపల పిండి. ముందు చక్రాలు దిగిపోయాయి. కంగారులో యాక్సిలరేటర్ తొక్కాను. చక్రం తన గోతిని తానే తవ్వుకుని కారు పొట్ట ఇసుకకు ఆనింది. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన వచ్చి అరచేయి చూపించి ఇంజన్ ఆపమన్నాడు. చక్రాల ముందున్న ఇసుకను దోసిళ్లతో తోడి పారేశాడు. ఎండు పుల్లతో వాల్వు నొక్కి నాలుగు టైర్లలోనూ సగం దాకా గాలి వదిలేశాడు. ముందు చక్రాల కింద గోనెసంచి ఒకటి, ఎండు కంప కొంత పరిచి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా రమ్మని సైగ చేశాడు. వచ్చేసింది. గాలి తగ్గితే టైరు పరుచుకుని బరువు ఎక్కువ చోట పడుతుంది, అందుకే దిగబడదు. ఇది నాకు పుస్తకంలో తెలుసు, బుర్రలో లేదు. తర్వాత పంక్చర్ షాపు దొరికేదాకా మెత్తటి టైర్లతో ఎడ్లబండి వేగంతో నడిపాను. "భీమిలి ఒడ్డున సైకిలు దిగబడినప్పుడే నేర్చుకోవాల్సింది" అంది మా అమ్మ వెనక సీట్లోంచి.

ఎడారి పొడి మనకు కొత్త. మన దగ్గర మే నెలలో చొక్కా వీపుకు అతుక్కుపోతుంది, చెమట కనబడుతుంది కాబట్టి నీళ్లు తాగుతాం. అక్కడ చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, సాయంత్రానికి వీపు మీద తెల్లటి ఉప్పు చార మాత్రం కనిపిస్తుంది. దాహం వేయలేదు కదా అని ఊరుకుంటే రాత్రికి తలనొప్పి. మా చిన్నదానికి రెండో రోజు ముక్కులోంచి రక్తం వచ్చింది. భయపడేది కాదు, లోపలి పొర ఎండిపోయి చిట్లింది. అప్పటి నుంచి రాత్రిళ్లు ముక్కుపుటాల్లో కొబ్బరినూనె వేలితో రాశాం, మళ్లీ రాలేదు.

మౌంట్ ఆబూ దగ్గరే ఈ దారి కొండ దారి అవుతుంది. కింద ఆబూ రోడ్ నుంచి పైకి ముప్ఫై కిలోమీటర్లకు కాస్త తక్కువ ఘాట్. అరకు ఘాట్ ఎక్కినవాళ్లకు అదేమీ కాదు. గురుశిఖర్ ఎత్తు 1,722 మీటర్లు, ఆరావళిలో అదే ఎత్తైనది. మన కోరాపుట్ దగ్గరి దేవమాలి 1,672 మీటర్లు కదా, ఆ మాత్రానికి అంత దూరం ఎందుకు అని మా బావ అడిగారు. నిజమే, ఎత్తు కోసం ఆబూ వెళ్లక్కర్లేదు. దిల్వారా జైన ఆలయాల కోసం వెళ్లాలి. అందులో పాతది 1031 నాటిది. పాలరాతిని పూతరేకులంత పలచగా చెక్కారు, వెలుగు రాతి లోంచి ఇవతలికి వస్తుంది. మధ్యాహ్నం నుంచే పర్యాటకులను రానిస్తారు, ఫోను బయటే పెట్టాలి. అది మంచిదే, మా పిల్లలు ఆ గంట తలెత్తి చూశారు.

ఒక్క జాగ్రత్త: జైసల్మేర్ నుంచి ఆబూకు 400 కిలోమీటర్లు దాటుతుంది. ఒక్క రోజులో లాగకండి. మేం లాగాం. ఆ రోజు గురించి ఇంట్లో ఇప్పటికీ అంటుంటారు.

లద్దాఖ్: గుండె, ఊపిరి తేల్చాలి

అందంలో లద్దాఖ్‌కు దీటు లేదు, అది ముందే ఒప్పుకుంటాను. ఎడారీ కొండా ఒకే చూపులో కావాలన్న మా బావ కోరిక అక్షరాలా తీరేది నుబ్రా లోయలోని హుందర్‌లోనే. ఇసుక తిన్నెలు, వాటి మీద రెండు మూపురాల ఒంటెలు, వెనక మంచు కొండలు. లేహ్‌లో ఏడాదంతా పడే వాన 100 మిల్లీమీటర్ల దరిదాపు. విజయనగరంలో ఒక్క వాయుగుండానికి ఒక్క రోజులో పడిపోయే వాన అది. థార్‌లో వాన లేకపోవడానికి ఒక కారణం, ఆరావళి గాలికి అడ్డం కాకుండా గాలి దారి వెంటే పరుచుకోవడం. ఇక్కడ సరిగ్గా ఎదురు, హిమాలయం అడ్డం నిలబడి మేఘాలను అవతలే దించేస్తుంది.

సమస్యంతా గాలిదే. విజయనగరం, శ్రీకాకుళం సముద్ర మట్టానికి వంద మీటర్ల లోపు ఊళ్లు. లేహ్ 3,500 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు మనకు అలవాటైన దానిలో మూడింట రెండు వంతులే. నుబ్రా వెళ్లాలంటే దాటాల్సిన ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు, అక్కడ సగం. ఆ కనుమ దగ్గర 18,380 అడుగులని బోర్డు పెట్టి చాలాకాలం అందరి చేతా ఫొటోలు దిగనిచ్చారు. సరిగ్గా కొలిస్తే 17,582 అడుగులే వచ్చింది. ఊపిరికి ఆ ఎనిమిది వందల అడుగుల తేడా ఏమీ తెలియదనుకోండి.

మేం ముగ్గురం వెళ్లిన తీరే ఒక పరీక్షలా కుదిరింది. ఇద్దరం శ్రీనగర్ నుంచి రోడ్డు మీద వెళ్లాం. మూడోవాడికి సెలవు దొరక్క ఢిల్లీ నుంచి విమానంలో నేరుగా లేహ్‌లో దిగాడు. ముగ్గురిలో గట్టివాడు వాడే. రామతీర్థం కొండ మెట్లు ఆగకుండా ఎక్కేవాడు. దిగిన సాయంత్రమే శాంతి స్తూపం మెట్లెక్కాడు. ఆ రాత్రి తలపట్టుకుని మూడుసార్లు వాంతి చేసుకున్నాడు, మర్నాడంతా మంచం మీదే. మేం 1,600 మీటర్ల లోపున్న శ్రీనగర్ నుంచి బయలుదేరి 2,700 మీటర్ల దగ్గరున్న కార్గిల్‌లో ఒక రాత్రి పడుకుని వచ్చాం కాబట్టి కాస్త తలబరువుతో గట్టెక్కాం. కండబలానికీ ఎత్తు పడటానికీ సంబంధం లేదు. రోజూ పరుగెత్తేవాడికి ఈ ఎత్తు జబ్బు రావచ్చు, పొగతాగే పెద్దాయనకు రాకపోవచ్చు.

అందుకే లద్దాఖ్ అనుకుంటే దారి ఎంపికే అసలు ఎంపిక. శ్రీనగర్ నుంచి రెండు రోజుల్లో, సుమారు 420 కిలోమీటర్లు, మెట్టు మెట్టుగా ఎక్కుతారు. 2025 జనవరిలో సోనామార్గ్ సొరంగం తెరిచాక మొదటి భాగం తేలికైంది. ఆ తర్వాతి జోజిలా కనుమ మాత్రం ఇప్పటికీ మట్టి, మంచు, లారీల వరుస. మనాలీ వైపు నుంచి అటల్ సొరంగం వల్ల రోహతాంగ్ కనుమ ఎక్కే బాధ తప్పింది కానీ, ఆ తర్వాత బారాలాచా, లాచుంగ్, తంగ్‌లాంగ్ కనుమలు వరుసగా వస్తాయి, మధ్యలో రాత్రి ఆగే సర్చూ 4,200 మీటర్ల పైన. లేహ్ కన్నా ఎత్తులో మొదటి నిద్ర! చిన్న పిల్లలతో ఆ దారిలో పైకి వెళ్లడం నాకు నచ్చదు. కిందికి దిగి రావడానికి అయితే చక్కటి దారి. శ్రీనగర్ దారిలో వెళ్లేవాళ్లు బయలుదేరే వారంలో అక్కడి భద్రతా పరిస్థితి, కనుమ తెరిచే వేళలు తప్పక కనుక్కోవాలి.

3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెప్పే లెక్క. పెద్దవాళ్లు తలనొప్పి అని చెప్పగలరు. ఆరేళ్లవాడు చెప్పడు, అన్నం తోసేస్తాడు, ఊరికే ఏడుస్తాడు. మందగించి తూలుతున్నా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నా ఇక ఆలోచించకుండా కిందికి దిగాలి, రాత్రైనా సరే. చేతిలో పట్టే ఆక్సిజన్ డబ్బా దానికి బదులు కాదు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర గురించి వెళ్లకముందే మీ వైద్యుణ్ని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ఆయనకు ముందే చెప్పాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆయన సరే అంటేనే కదలాలి.

మరో రెండు చిక్కులు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉన్నవాళ్లు కనీసం ఒకరు ఉండాలి. బయటి ప్రాంతపు అద్దె కారుతో లేహ్ దాకా రానిస్తారు కానీ నుబ్రాకో పాంగాంగ్‌కో అందులో వెళ్తే అక్కడి టాక్సీ సంఘం వాళ్లు అడ్డుకుంటారు. ఆ రెండు చోట్లకూ స్థానిక టాక్సీయే, ధరలు సంఘం కట్టినవే. సొంత కారుకు ఈ అడ్డు లేదు, కానీ సొంత కారు సంగతి పైన చెప్పాను.

స్పితి: నడిమి దారి

అమ్మను వదిలి పిల్లలతో వెళ్లినప్పుడు మేం లద్దాఖ్ కాక స్పితి ఎంచుకోవడానికి కారణం దాని వాలు. సిమ్లా 2,200 మీటర్లు. అక్కడి నుంచి సట్లెజ్ లోయలోకి దిగి, సరాహన్, కల్పా, నాకో, తాబో, కాజా అని రోజుకో ఊరు ఆగుతూ ఎక్కుతాం. ఏ రోజూ ఒంటికి దెబ్బ తగిలినట్టు ఉండదు. మనదేశస్థులకు అనుమతి పత్రాలు అక్కర్లేదు. తాబో మఠం 996 నాటిది. మట్టి గోడల లోపల చీకట్లో రంగులు, వెయ్యేళ్లు దాటినవి. లద్దాఖ్ మఠాల కన్నా నాకు అదే ఎక్కువ నచ్చింది. ఈ ఒక్క మాటకు నా స్నేహితులిద్దరూ ఒప్పుకోరు.

వెల కట్టాల్సింది నడుముతో. సిమ్లా నుంచి కాజా సుమారు 420 కిలోమీటర్లు. మన నేషనల్ హైవే మీద ఇచ్ఛాపురం నుంచి రాజమహేంద్రవరం దాకా పోయే దూరం లాంటిది, అక్కడ నాలుగైదు రోజులు. ఒక పక్క రాతి గోడ, మరో పక్క నది, మధ్యలో ఎదురొచ్చే బస్సు. కాజాలో ఒక పెట్రోలు బంకు ఉంది, అందులో నింపుకోకుండా ముందుకు కదలకండి. కుంజుమ్ మీదుగా మనాలీకి దిగే దారి చూడటానికి గొప్పది. కానీ గ్రామ్‌ఫూ వరకు అది రోడ్డు అనడం మర్యాద కోసమే. కడుపులో తిప్పే పిల్లలుంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి.

తిండి మాట ఇక్కడే చెప్పాలి. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, కాజా దగ్గర 88 డిగ్రీలకే. కాజాలో మేం దిగిన ఇంట్లో వంటకు చోటిచ్చారు. మా ఆవిడ మామూలు గిన్నెలో ఎసరు పెట్టి బియ్యం వేసింది. నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి, అరగంటైనా మెతుకు నొక్కితే మధ్యలో పలుకు. ఇంటావిడ చూసి నవ్వి ప్రెషర్ కుక్కర్ తెచ్చి పెట్టింది. అప్పటి నుంచి ఎవరు కొండల్లోకి వెళ్తామన్నా ఊరగాయ కన్నా ముందు చిన్న కుక్కర్ సర్దుకోమంటాను. రాజస్థాన్‌లో ఆ బాధ లేదు. సజ్జ రొట్టె, కేర్ సాంగ్రీ కూర, గ్లాసు నిండా మజ్జిగ దొరుకుతాయి. చోడి అంబలి తాగి పెరిగిన మా అమ్మకు సజ్జ రొట్టె మొదటి ముద్దలోనే నచ్చింది. సాయంత్రానికి మాత్రం అన్నం కావాలంది. పలాస జీడిపప్పు, మామిడి తాండ్ర మూడు దారులకూ పనికొచ్చాయి.

కారు, డబ్బు

తక్కువ మాటల్లో: రాజస్థాన్ అన్నిటికన్నా చౌక, లద్దాఖ్ అన్నిటికన్నా ఖరీదు, తేడా ప్రధానంగా టాక్సీలదే. డ్రైవరుతో కారు మాట్లాడుకుంటే మీరు తిరిగినా తిరగకపోయినా రోజుకు కనీసం 250 కిలోమీటర్ల లెక్క కట్టడం సాధారణం, పైన డ్రైవరు బత్తా. కాబట్టి జైసల్మేర్‌లో మూడు రోజులు కదలకుండా ఉంటే ఆ మూడు రోజులకూ చెల్లిస్తున్నట్టే. మీరే నడుపుతామంటే నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి. తెల్ల ప్లేటు బండిని ఎవరో చౌకగా అద్దెకిస్తామంటే వద్దనండి. ప్రమాదం జరిగితే బీమా చేతులెత్తేస్తుంది. రాజస్థాన్‌లో నేనే నడిపాను. స్పితిలో డ్రైవరును పెట్టుకున్నాను. సుంకి ఘాట్‌లో నాకున్న పేరు అక్కడ చెల్లదని మొదటి రోజు సాయంత్రానికే తెలిసింది.

ఎటూ తేలనివాళ్లకు ఒక చవకైన పరీక్ష ఉంది. ఆదివారం తెల్లవారుజామున అందరినీ కారెక్కించి సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి, దేవమాలి చూసి, రాత్రికి తిరిగి రండి. పెద్దవాళ్ల నడుము ఎన్ని గంటలు తట్టుకుంది, ఎవరు ఎన్నిసార్లు వాంతి చేసుకున్నారు, వెనక సీట్లో పోట్లాట ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలైంది, రాసుకోండి. ఆ రోజు ఆరు గంటల ప్రయాణానికే అందరూ మౌనవ్రతం పడితే స్పితి పుస్తకం మూసేయండి.

మా బావ ఇల్లు ఆ పరీక్షలో తప్పింది. చిన్నవాడు రెండుసార్లు, పెద్దది ఒకసారి. అత్తయ్యగారు మాత్రం దిగి, కొంగు సర్దుకుని, దేవమాలి మీద అందరికన్నా ముందు నడిచారట. అయినా వైద్యుడు ఆవిడకు 3,000 మీటర్ల పైన నిద్ర వద్దన్నాడు. దాంతో జైసల్మేర్, ఆబూ ఖాయం చేశారు, నవంబరు ఆఖరి వారానికి. రిజర్వేషన్ తెరిచిన రోజు అయిదు బెర్తులకు రెండే కిందివి దొరికాయి. ఒకటి అత్తయ్యగారిది. రెండోది ఎవరిదన్న తగువు మొన్న మళ్లీ ఫోనులో నా దగ్గరికి వచ్చింది. అందులో మాత్రం నేను వేలు పెట్టలేదు.